కంచె లోపలి బావి

తుమ్మకొమ్మలు నరికి తెచ్చింది కిష్టయ్యే. మాదిగవాడ చుట్టూ వాటిని మనిషెత్తున పేర్చి, కదలకుండా రాళ్లు పెట్టి, ఒక్క సందు మాత్రం విడిచి, ఆ సందుకు కూడా రేగుకంప అడ్డం లాగింది అతనే. ముళ్లు దిగి రెండు చేతులూ వాచాయి. "ఇగ లోపలోళ్లు బయటికి పోవద్దు, బయటోళ్లు లోపటికి రావద్దు" అని కిరస్తానీ సంఘం పంతులు దేవదానం ప్రార్థన చేసి చెప్పింది సోమవారం నాడు. శుక్రవారం వచ్చేసరికి కంచె అవతల నల్లగుండ్ల ఊళ్లో పద్నాలుగు పీనుగులు లేచాయి.

గత్తర, అంటే కలరా, కృష్ణానది ఒడ్డున జరిగిన జాతర నుంచి వచ్చింది. కొల్లాపూర్ దిక్కు నుంచి బండ్లు తిరిగొచ్చిన మూడోనాడు మొదటి మనిషి పడ్డాడు. వాంతులు, బేదులు, పొద్దున పట్టుకుంటే పొద్దుగూకే లోపల కళ్లు గుంటలు పడి, గొంతు బొంగురుపోయి, మనిషి ఎండిన తోలులా అయిపోయేవాడు. ఎక్కడో యుద్ధం జరుగుతోందని గింజలకు కరువొచ్చిన ఏడు అది. పైగా వానలు లేవు. ఊరి బావులన్నీ అడుగంటితే కాపులు, సాలెవాళ్లు, చాకళ్లు అందరూ వాగుకు పోయి, ఇసుకలో చెలిమెలు తవ్వి, ఊరిన నీళ్లు చిప్పతో ముంచుకుంటున్నారు. ఆ వాగు ఎగువనే చచ్చినవాళ్ల బట్టలు ఉతుకుతున్నారు.

మాదిగవాడలో తొమ్మిది ఇళ్ల కిరస్తానీలకు మాత్రం ఏమీ కాలేదు.

"మీరు అమ్మను ఇడిసిన్రు. అందుకే అమ్మ ఊరి మీద పడ్డది" అంది ఊరు. మంగళవారం పోశమ్మకు దున్నను కోస్తున్నామనీ, వాడ నుంచి ఆరు డప్పులు రావాలనీ పటేలు తలారితో కబురు పంపాడు. డప్పులు లేవు, ఉన్నా రావు అని కిష్టయ్య అదే తలారితో తిరిగి కబురు పంపాడు. ఆదివారం ప్రార్థన జరుగుతుండగా గుడి కప్పు మీద రాళ్లు పడ్డాయి. మరునాడే కంచె.

ఒకప్పుడు కిష్టయ్యను మించిన డప్పుగాడు నల్లగుండ్లలోనే కాదు, చుట్టుపక్కల పది ఊళ్లలో లేడు. ఎనిమిదేళ్ల కిందట నాగర్‌కర్నూల్ నుంచి వచ్చిన మిషను దొర వాగు మడుగులో తొమ్మిది కుటుంబాలకు బాప్తిస్మం ఇచ్చిన రోజున వాడలోని డప్పులన్నీ ఒకచోట కుప్ప వేసి అంటించారు. మొదటి డప్పు కిష్టయ్యదే. తోలు కాలుతున్న వాసనకు కుక్కలు చేరాయి. అతని అన్న మల్లయ్య ఒక్కడే తన డప్పును గుండెకు ఆనించుకుని దూరంగా నిలబడ్డాడు.

"తాతల నాటిది తమ్మీ. కాలవెట్టుడు నాతోని కాదు" అన్నాడు.

అప్పటి నుంచి అన్న గుడిసె పశువుల ఎముకలు పారేసే దిన్నె అవతల, తమ్ముడి గుడిసె వాడలో. మల్లయ్య ఇంట్లో కుండ దించితే మొదటి ముద్ద ఎల్లమ్మకు తీసేవారు కాబట్టి కిష్టయ్య ఆ ఇంట చేయి కడగలేదు. సంఘంలో పెద్ద అయ్యాడు. "లోకం వేరు, మనం వేరు. నూనె నీళ్లల్ల కలుస్తదా?" అని దేవదానం పంతులు చెప్పే మాటను మోకు పట్టుకున్నట్టు గట్టిగా పట్టుకున్నాడు. అదే పంతులు అదే నోటితో, ఊరందరికీ సువార్త చెప్పాలనీ అనేవాడు. పోకుండా ఎట్ల చెప్పేది అని కిష్టయ్య ఒకసారి అడిగాడు. "దీపం గూట్లె ఉంటది, వెలుగు బయటికి పోతది" అన్నాడు పంతులు. కిష్టయ్యకు ఆ జవాబు చాలా నచ్చింది.

నాలుగేళ్ల కిందట మిషను వాళ్లు మందుగుండు ఇస్తే వాడ మగవాళ్లు బండ పగలగొట్టి బావి తవ్వారు. తియ్యటి నీళ్లు పడ్డాయి. మొదట్లో మల్లయ్య భార్య సత్తెమ్మ కూడా ఆ బావికే వచ్చేది. రెండెండాకాలాల కిందట ఒక శుక్రవారం, మొహానికి పసుపు రాసుకుని వచ్చి, బావి గచ్చు మీద ఎల్లమ్మ ముంత తోమింది. ఆడవాళ్లు గొడవ చేశారు. పెద్దలు కూర్చున్నారు. ఆమెకు చెప్పాల్సింది మరిది గనుక కిష్టయ్యే వెళ్లి చెప్పాడు.

"వదినె, ఇగ ఈ బాయికి రాకు."

సత్తెమ్మ ఒక్క క్షణం అతని మొహంలోకి చూసింది. ముంత చంకన పెట్టుకుని, ఖాళీ కడవ ఎత్తుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. సంఘం పద్ధతిగా నడుస్తోందని అందరూ అనుకున్నారు.

కంచె వేసిన నాలుగు రోజులకు, శుక్రవారం పొద్దెక్కేసరికి కిష్టయ్య బావి దగ్గర మోకు పేనుతున్నాడు. భార్య తిరుపతమ్మ కంచె దగ్గర నుంచి వచ్చి ఎదురుగా నిలబడింది. బాప్తిస్మంలో ఆమెకు మరియమ్మ అని పేరు పెట్టారు గానీ వాడలో ఎవరి నాలుకా తిరగలేదు.

"సత్తెక్క సచ్చిపోయిందంట" అంది. "గొర్లు తోలుకపోయేటాయన కంచె అవతల నుంచి చెప్పిండు. నిన్న పట్టుకున్నదంట. బావ గూడ పడ్డడంట. మొయ్యనీకి మనిషి లేడంట."

కిష్టయ్య చేతిలో మోకు ఆగిపోయింది. బావిలోకి చూశాడు. నీళ్లు తేటగా, కదలకుండా ఉన్నాయి. పోయినేడు తిరుపతమ్మకు జ్వరమొస్తే వనపర్తి దవాఖానకు తీసుకుపోయినప్పుడు అక్కడి నర్సమ్మ రోగులందర్నీ కూచోబెట్టి చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. గత్తర గాలిలో రాదు, నీళ్లలో వస్తుంది. ఏ నీళ్లయినా కాచి తాగాలి. అందరితో పాటు తానూ తలూపాడు. వారం నుంచి దేవుడు వాడను కాపాడుతున్నాడని రోజూ స్తోత్రం చేస్తున్నాడు. కాపాడింది ఈ నీళ్లతోనే. ఈ నీళ్ల దగ్గరికే వదినెను రావద్దన్నాడు.

కడవ నింపుకుని సందు దగ్గరికి నడిచాడు. అక్కడ దేవదానం పంతులు నిలబడి ఉన్నాడు. బక్కపలచని మనిషి, ముప్పై అయిదేళ్లుంటాయి. భార్యతో, తొమ్మిదేళ్ల కూతురు మార్తతో ఆరేళ్లుగా ఆ వాడలోనే ఉంటున్నాడు.

"పోతె రోగం తగ్గేదాంక మళ్ల లోపటికి రావద్దు కిష్టయ్యా. లోపల ఇరవై మంది పిల్లలున్నరు."

"తెల్సు."

"సావుకాడ వాళ్ల తంతులుంటయి. వాటి జోలికి పోకు."

కిష్టయ్య కంప పక్కకు జరిపి బయటికి దాటాడు. అతని వెనక తిరుపతమ్మ కూడా కంప తప్పించుకుని బయటికి వచ్చింది.

గుడిసెలో సత్తెమ్మ మీద పాత చీర కప్పి ఉంది. కాళ్లు బయటికి కనిపిస్తున్నాయి. మల్లయ్య గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పక్కన కుండలో వాగు నీళ్లు. కిష్టయ్య తాను తెచ్చిన నీళ్లు చిప్పలో పోసి నోటి దగ్గర పెట్టాడు.

"యాడియి?" అన్నాడు మల్లయ్య. గొంతు పీలగా, లోపలెక్కడి నుంచో వచ్చింది.

"మా బాయియి అన్నా."

మల్లయ్య మొహం తిప్పుకున్నాడు. "ఆమెకు లేని నీళ్లు నాకెందుకురా? రెండేండ్లు కోసెడు దూరం నడిచింది వాగుకు. ఒక్కపారి గూడ నిన్ను ఒక్క మాటనలే. నేను తిడ్తుంటె నా నోరు మూసేది."

కిష్టయ్య అన్న కాళ్ల మీద పడ్డాడు. మల్లయ్యకు కాళ్లు లాక్కునే సత్తువ కూడా లేదు.

"నా కాళ్లు పట్టుకుంటె ఆమె లేస్తదా?"

"అన్నా, ఆ చెలిమె నీళ్లల్లనే ఉన్నది గత్తర. ఊరంత అవే తాగుతున్నరు. పోయి చెప్త. అందరికి చెప్త."

"ఎవలింటరు నీ మాట? డప్పు లేని మాదిగోని మాట గాలికి పోతది." మల్లయ్య కళ్లు గూటానికి తగిలించిన డప్పు వైపు తిరిగాయి. మంగళవారం పోశమ్మ ముందు అదొక్కటే మోగింది. ఆరుగురు కొట్టాల్సింది ఒక్కడే కొట్టాడు.

"ఇయ్యన్నా."

"ఇస్త. ముందుగాల మీ వదినెను సాగదోలు. డప్పు మోగకుంట ఆడిదాన్ని పూడుస్తర్రా? కుక్కను పూడిసినట్టు?"

చావు డప్పు కొట్టడం దయ్యాలను పిలవడమేనని ఎనిమిదేళ్లుగా వాడలో అందరికీ చెప్పినవాడు కిష్టయ్య. మేనమామ చావుకు కొట్టినందుకు మాసయ్య అనే మనిషిని ఏడాది పాటు సంఘమంతా రొట్టె పంచుకునే ప్రభువు బల్లకు దూరం పెట్టిన పెద్దల్లో అతనూ ఒకడు. తిరుపతమ్మ వైపు చూశాడు. ఆమె అప్పటికే సత్తెమ్మ కాళ్లకు గుడ్డ చుడుతోంది.

మొయ్యడానికి నలుగురు లేరు. మంచానికి తాళ్లు కట్టి కిష్టయ్యా తిరుపతమ్మా లాక్కుంటూ పోయారు. గట్టి నేలలో మోకాలి లోతు కంటే గుంత తవ్వలేకపోయారు. మన్ను కప్పాక కిష్టయ్య గడ్డి అంటించి డప్పు కాచాడు. తోలు బిగిసింది. కుడిచేత సిర్ర అనే లావుపాటి పుల్ల, ఎడమచేత సన్నని సిటికెన పుల్ల పట్టుకోగానే వాచిన వేళ్లు వాటంతటవే ఆడాయి. అతను కొడుతూ ఏడ్చాడు. ప్రభువా క్షమించు అన్నాడో, వదినె క్షమించు అన్నాడో అతనికే తెలియలేదు. గుడిసె గడపలో పడుకుని మల్లయ్య విన్నాడు. డప్పు ఆగాక తిరుపతమ్మ చేతి నుంచి చిప్పెడు నీళ్లు తాగాడు.

మధ్యాహ్నం ఎండలో నల్లగుండ్ల వీధిలో డప్పు మోగింది. పటేలు హుకుమేమో అనుకుని తలుపులు తెరుచుకున్నాయి.

"ఇనుండ్రి! వాగు చెలిమెల నీళ్లు తాగకుండ్రి! గత్తర ఆ నీళ్లల్లనే ఉన్నది! తాగితె మసలకాగవెట్టి తాగుండ్రి! మంచినీళ్లు కావాల్నంటె మా వాడ బాయికి రాండ్రి! ఎవలన్న రావచ్చు!"

"మాదిగ బాయికా?" అని ఎవరో అరిచారు. ఒక రాయి వచ్చి కనుబొమ్మ మీద తగిలింది. కిష్టయ్య నెత్తురు తుడుచుకుని ఇంకో వీధికి తిరిగాడు. పటేలు అరుగు దిగి వచ్చాడు.

"ఎవడు చెప్పమన్నడురా ఈ సాటింపు?"

"ఎవ్వలు చెప్పమన్లే దొరా. నేనే చెప్తున్న."

చేతికర్రతో వీపు మీద రెండు దెబ్బలు పడ్డాయి. మూడోది డప్పు మీద పడబోతే కిష్టయ్య ఒంగి, దాన్ని కడుపు కింద దాచుకుని, ఆ దెబ్బా తానే తిన్నాడు. లేచి మళ్లీ కొట్టాడు. ఊరి చివరిదాకా కొట్టాడు. గొంతు పోయింది. ఎవరూ కదల్లేదు. ఇంత చేసిందీ ఊరికే పోయిందా అనుకుంటూ వెనక్కి తిరిగాడు.

కాపుల వీధిలో లలితమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. బుధవారం ఒక్కనాడే ఆమె మొగుడూ పెద్దకొడుకూ పోయారు. రెండేళ్ల పిల్ల భుజం మీద వాలిపోయి ఉంది. ఆమె ఇంట్లోకి వెళ్లి ఖాళీ బిందె తెచ్చుకుని, మాట్లాడకుండా అతని వెనక పదడుగుల దూరంలో నడవసాగింది. సాలెవాళ్ల ఇంటి ముందు ఇంకో ఇద్దరు కలిశారు. వాడ చేరేసరికి వెనక ఎనిమిది బిందెలున్నాయి.

సందుకు కంప అడ్డంగా ఉంది. లోపల దేవదానం, వాడ మగవాళ్లు.

"సావుకు డప్పు కొట్టినవట కిష్టయ్యా."

"కొట్టిన."

"ఇంక నువ్వు మనోనివేనా?"

"అది ఎనక తేల్చుండ్రి. ఈ తల్లి బిడ్డ పొద్దుగూకేదాంక ఉండది. కంప తియ్యుండ్రి."

"రోగాన్ని తోలుకొస్తున్నవ్!" దేవదానం అరిచాడు. "మన పిల్లలు కిష్టయ్యా! జర సోంచాయించు!"

"దీపం గూట్లె ఉంటె వెలుగు బయటికి పోతదంటివి పంతులూ. నీళ్లు పోవు గద. ఎవడన్న మొయ్యాలె."

అతను ఒట్టి చేతులతో కంప పట్టుకుని లాగాడు. లోపలివాళ్లెవరూ సాయం రాలేదు, ఆపనూ లేదు. ఒక్కరొక్కరే వెనక్కి జరిగి పిల్లల్ని ఇళ్లలోకి తోలుకుపోయారు. దేవదానం గుడిలోకి వెళ్లి మోకాళ్ల మీద పడ్డాడు.

బయటి బిందె ఏదీ బావి మోకును తాకకుండా కిష్టయ్య గచ్చుకు దూరంగా ఒక బండ వేశాడు. తానే తోడి, తానే మోసి, ఎత్తు నుంచి పోశాడు. లలితమ్మ బిందె ముందుకు పెట్టలేదు. పిల్లను ఒడిలో పడుకోబెట్టి రెండు చేతులూ దోసిలి పట్టింది. పుట్టిన దగ్గర నుంచి కాపుల ఇళ్ల ముందు అట్లా ఒంగి దోసిలి పట్టింది కిష్టయ్యే. అతను కడవ ఎత్తి పట్టుకుని ఆగిపోయాడు.

"నీళ్లు పొయ్యి" అంది లలితమ్మ. తర్వాత, "పొయ్యి కిష్టయ్యా" అంది.

మూడు రోజులు తోడాడు. తిరుపతమ్మ పొయ్యి పెట్టి ఉప్పువేసిన గంజి కాచింది. రెండో రోజుకు బిందెలు నలభై దాటాయి. పటేలు ఇంటి నుంచి, ఆ చుట్టు ఇళ్ల నుంచి ఎవరూ రాలేదు. శనివారం మధ్యాహ్నం మల్లయ్య ప్రాణం విడిచాడు. కిష్టయ్య మోకు వదిలి వెళ్లేసరికి అన్న చెయ్యి చల్లబడి ఉంది. లలితమ్మ పిల్ల బతికింది. మంగళవారం పొద్దున దేవదానం కూతురు మార్తకు వాంతులు మొదలయ్యాయి. సాయంత్రానికి పోయింది.

రోగం కంచె తీసినందుకు వచ్చిందా, పిల్ల ఆడుకుంటూ బయటి బిందెలో చెయ్యి పెట్టిందా, ఎవరూ చెప్పలేకపోయారు. వాడ మాత్రం కిష్టయ్యతో మాట్లాడటం మానేసింది.

ఆషాఢంలో వాన పడింది. గత్తర ఎట్లా వచ్చిందో అట్లాగే పోయింది. చచ్చిపోయింది ఊళ్లో ముప్పై ఒక్కరు, వాడలో ఒక పిల్ల.

నాగర్‌కర్నూల్ నుంచి, కల్వకుర్తి నుంచి సంఘ పెద్దలు ముగ్గురు వచ్చి విచారణకు కూర్చున్నారు. దేవదానం ఒక మూల కూర్చుని నేల చూస్తున్నాడు. అన్యుల చావుకు డప్పు కొట్టిన పాపం అందరి ముందూ ఒప్పుకోమన్నారు. కిష్టయ్య లేచి నిలబడ్డాడు.

"పాపం చేసిన అయ్యా" అన్నాడు. "రెండేండ్ల కింద మా వదినెను బాయికి రావద్దన్న. ఆమె వాగు నీళ్లు తాగి సచ్చిపోయింది. అది నేను చేసిన పాపం. దేవుని పేరు మీద చేసిన. మీరంత మంచిగ చేసినవన్నరు. నేను గూడ అట్లనే అనుకున్న."

"డప్పు సంగతి అడుగుతున్నం" అన్నాడు ఒక పెద్ద.

"కొట్టిన. దానికి మీరేం శిక్ష ఏసినా సరే. కని దానికి నాకు ఏడుపొస్తలేదయ్యా. దీనికే వస్తున్నది."

వాళ్లు చాలాసేపు తమలో తాము మాట్లాడుకున్నారు. పెద్దరికం తీసేశారు. ఆరునెలలు బల్లకు దూరం పెట్టారు. పంతులు అభిప్రాయం అడిగితే దేవదానం తల అడ్డంగా ఊపాడు. ఏ మాటకు ఊపాడో ఎవరూ అడగలేదు.

పెద్దల బండి వెళ్లిపోయాక కిష్టయ్య బావి గచ్చు మీద కూర్చున్నాడు. కాసేపటికి దేవదానం వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. మార్త పోయాక అతను కిష్టయ్యతో మాట్లాడటం అదే మొదలు.

"నువ్వు కంప తియ్యకుంటె నా బిడ్డ బతుకునా కిష్టయ్యా?"

"తెల్వదు పంతులూ. రోజు గదే అడుగుతున్న దేవుణ్ణి. బతుకునేమో."

దేవదానం అక్కడే కింద కూలబడ్డాడు. పొద్దు వాలాక కిష్టయ్య లేచి తలగుడ్డ చుట్టుకున్నాడు.

"యాడికి?"

"పటేలు కాడికి. గత్తర పోయిందని పోశమ్మకు మళ్ల చేస్తరంట. సావుకు కొట్టినోనివి, అమ్మకు కొట్టనీకి ఏంది అని పొద్దుగాల తలారి వచ్చి చెప్పిపోయిండు. కొట్టనని చెప్పాలె."

"కబురు పంపరాదు?"

"అప్పుడు కబురే పంపితిమి గద. మొగం చూసి చెప్పలే."

"కొడ్తరు."

"కొడ్తరు."

దేవదానం లేచాడు. ఆరేళ్లలో అతను ఆ ఊరి వీధిలో కాలు పెట్టలేదు. కిష్టయ్య వెనక నడిచాడు.

పటేలు ముందు కిష్టయ్య చేతులు కట్టుకుని, అమ్మ ముందు కొట్టననీ, ఊళ్లో ఎవరికి ఏ ఆపదొచ్చినా పిలవకుండానే వస్తాననీ చెప్పాడు. రెండో మాట ఎవరికీ వినపడలేదు. జీతగాళ్లు ఇద్దర్నీ అరుగు ముందే కొట్టారు. దేవదానానికి పెదవి చిట్లింది. కిష్టయ్యకు ఎడమచేతి వేళ్లు రెండు విరిగాయి.

తిరిగి వస్తుంటే కాపుల వీధిలో లలితమ్మ గడప దిగి వచ్చింది. చంకలో పిల్ల ఉంది. కిష్టయ్య చేతివైపు చూసి కొంగు చింపి ఇచ్చింది. తర్వాత దేవదానం వైపు తిరిగింది.

"నీ బిడ్డ పోయిందంట గద అయ్యా" అంది. "ఏం పేరు?"

అంతవరకూ ఆ ఊళ్లో ఎవరూ అతన్ని ఏమీ అడగలేదు. దేవదానం పెదవి మీది నెత్తురు తుడుచుకున్నాడు.

"మార్త" అన్నాడు.

"ఎన్నేండ్లు?"

"తొమ్మిది."

లలితమ్మ అక్కడే మెట్టు మీద కూర్చుంది. దేవదానం మట్టిలో నిలబడి, కూతురు ఎట్లా ఉండేదో, ఏం తినేదో, ఏ పాట పాడేదో చెప్పడం మొదలుపెట్టాడు. పక్కింటి తలుపులో ఇంకో ఆడమనిషి వచ్చి నిలబడింది. కిష్టయ్య చేతికి గుడ్డ చుట్టుకుంటూ అతని పక్కనే ఆగాడు.